పంటు వచ్చేలోగా

సఖినేటిపల్లి రేవు. రాత్రి మూడుంపావు.
మొదటి పంటు ఐదున్నరకి.
మలికిపురం పెళ్ళిలో మూడువేల నూటపది సార్లు
చీకటి చెంప పగలగొట్టి వచ్చాను.
ఫ్లాష్ తగిలిన ముఖాలన్నీ ఒకటే రంగు,
కొత్తగా సున్నం కొట్టిన గోడ రంగు.
పెళ్ళికూతురి మేనత్త
"మమ్మల్ని తెల్లగా తియ్యి బాబూ" అని
నా జేబులో వక్కపొడి పొట్లం దోపింది.
అదే నములుతున్నాను.

భుజానికి కెమెరా. వాయిదాలింకా పదకొండు.
భీమవరంలో షాపువాడు తలుపులేసి, ట్యూబులైటార్పి
"పిల్లికళ్ళండి దీనివి" అన్నాడు.
ఆర్నెల్లయింది.
ఈ పిల్లికి ఒక్క రాత్రీ చూపించలేదు నేను.

మెట్ల కింద నీళ్ళలో ఏదో మెదిలింది.
ఫ్లాష్ ఎత్తానో లేదో
"లైటెయ్యకండి బాబూ, చేప బెదురుద్ది.
పాటు తీస్తంది. ఇప్పుడే దిగుతాయవి."

ముందు గొంతొచ్చింది.
ఆ తర్వాత భుజం. ఆ తర్వాత, చాలాసేపటికి,
నడుంలోతు నీళ్ళలో ఒక మనిషి.
మల్లాడి పోసియ్యట.

ఫ్లాష్ ఊడదీసి సంచిలో పడేశాను.
పంటు కట్టే ఇనప గుంజ మీద కెమెరా ఆనించి
ఊపిరి బిగబట్టి
పదిహేను సెకన్లు తలుపు తెరిచి ఉంచాను.

తెరమీద తెల్లారిపోయింది!
నా కంటికి లేని గోదారి మొత్తం,
నీళ్ళలో నిలువునా కారిన నరసాపురం దీపాలు,
వల కట్టే గెడ, గెడకి తాడు, తాడుకి ముడి.
పోసియ్య లేడు.
అతనుండాల్సిన చోట
పలక మీద తడిచెయ్యి తుడిచినట్టు
ఒక మసక.

తలగుడ్డకి చేతులొత్తుకుని వంగి చూశాడు.
ఆ తెర వెలుగులోనే నేనతన్ని చూశాను:
ముందుపన్ను లేదు. కనుబొమ్మల్లో ఉప్పు.
"నేనేడండీ?"
"మీరు కదిలారు."
"కదలకపోతే ఏటి దొరుకుద్దండి?
కదలంది ఆ గెడొక్కటే. దాన్ని తీసుకోండి."
నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.
కదలకండి, కదలకండి అని
పన్నెండేళ్ళుగా అరుస్తున్నాను.
కదిలినవాళ్ళు ఏమయ్యారు?
విస్తళ్ళెత్తే ఆవిడ మూలన మసగ్గా పడితే
కంప్యూటర్లో కత్తిరించాను.
నిన్న కూడా.

అంకె తిప్పాను.
ఐఎస్ఓ పన్నెండువేల ఎనిమిదొందలు. చాల్లేదు.
ఇరవై ఐదు వేల ఆరొందలు. చాల్లేదు.
యాభై ఒక్క వెయ్యీ రెండొందలు,
షాపువాడు ఇటు రాకండన్న అంకె.

అతను వెనక్కి ఒరిగాడు, ముందుకి ఒంగాడు,
వల గాల్లో విచ్చుకుంది.
నొక్కాను.

మనిషి దొరికాడు.
ఒళ్ళంతా ఎర్రా పచ్చా నలకలు.
"ఇసక పడిందేటండీ బొమ్మలో?"
"చీకట్లో తీస్తే పడుద్ది."
"పోన్లెండి, ఇసక లేని గోదారుంటదా?"
మళ్ళీ చూశాడు.
వేలు తెరకి తగలకుండా పైపైన తిప్పుతూ
"ఇది నేను కాదండి. మా అయ్య.
ఇలాగే ఒంగేవోడు.
ఆయనకి ఫొటో లేదు."

పంటు కూతేసింది.
ఎంతివ్వాలి అనడిగితే వద్దన్నాను.
వద్దనేసరికి ఫ్లాష్ సంచిలో
నాలుగు జెల్లలు వేసేశాడు. ఇంకా కొట్టుకుంటున్నాయి.

స్టూడియోలో ఇప్పుడు మధ్యాహ్నం.
ఇసకంతా ఊడ్చే మీట ఒకటుంది, నొక్కి చూశాను.
నలకలతోపాటు వల ముడులు పోయాయి,
కనుబొమ్మల్లో ఉప్పు పోయింది,
సున్నం గోడలాంటి కుర్రాడెవడో వల విసురుతున్నాడు.
వెనక్కి తెచ్చేశాను.

ఫ్లాష్‌కి జెల్లల వాసన పోలేదు.
మలికిపురం నుంచి ఫోను:
"తెల్లగా వచ్చామా బాబూ?"